మయోసైటిస్‌లో ఎమ్మారై రిపోర్టు, మనిషి పరిస్థితి పొంతన కుదరకపోతే: ముందు చూడాల్సినవి

2022లో సమంత తనకు మయోసైటిస్ (కండలకు వాపు వచ్చి బలం తగ్గే జబ్బు) ఉందని చెప్పాక ఈ జబ్బు పేరు అందరికీ తెలిసింది. స్కానింగ్ దగ్గర మాత్రం ఇంకా అవే పొరపాట్లు. నేను విశాఖలో ఎమ్మారై టెక్నీషియన్‌ని. శ్రీకాకుళం, పార్వతీపురం వైపు నుంచి తెల్లవారుజామున బయల్దేరి వచ్చిన మనిషిని మళ్లీ రమ్మనాలంటే ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే ఇది రాస్తున్నాను. ఒంటి మీద లోహం, పేస్‌మేకర్ సంగతి ఎక్కడైనా అడుగుతారు కాబట్టి వాటి జోలికి పోవడం లేదు.

సమస్య: కుర్చీలోంచి లేవలేకపోతున్నారు, సీపీకే (కండ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) వేలల్లో ఉంది, ఎమ్మారై నార్మల్

ముందు స్కాన్‌కి డాక్టర్ రాసిన చీటీ చూడండి. "కాళ్లలో బలం లేదు" అని మాత్రమే రాసి ఉంటే నడుము స్కాన్ తీసి పంపేస్తారు. వెన్నుపూస బాగానే ఉంటుంది, జబ్బున్నది తొడ కండల్లో. తీయాల్సింది తుంటి నుంచి మోకాళ్ల దాకా, రెండు కాళ్లూ కలిపి. చీటీ మీద "మయోసైటిస్ అనుమానం" అన్న మాట ఉండి తీరాలి.

తర్వాత స్టిర్ సీక్వెన్సు తీశారా లేదా చూడండి. స్టిర్, టీ1, టీ2 అంటే ఎమ్మారైలో ఒకే చోటును వేర్వేరు పద్ధతుల్లో తీసే బొమ్మలు. మామూలు టీ2 బొమ్మలో కొవ్వూ తెల్లగానే ఉంటుంది, వాపుతో చేరిన నీరూ తెల్లగానే ఉంటుంది. స్టిర్‌లో కొవ్వు నల్లబడి వాపు ఒక్కటే తెల్లగా తేలుతుంది. టీ1 కూడా కావాలి. కండ కరిగి దాని చోట కొవ్వు చేరిందా అన్నది అందులోనే తెలుస్తుంది. కాంట్రాస్ట్ ఇంజెక్షన్ ఈ పనికి సాధారణంగా అక్కర్లేదు.

ఈ రెండూ సరిగ్గా ఉంటే స్టెరాయిడ్ ఎప్పుడు మొదలైందో అడగండి. మందు పడి కొన్ని వారాలైతే వాపు తగ్గిపోయి ఉండొచ్చు.

సమస్య: జబ్బు అదుపులో ఉందనుకుంటుంటే స్కాన్‌లో మళ్లీ వాపు, సీపీకే కూడా పెరిగింది

నేను దెబ్బతిన్నది ఇక్కడే. డెర్మటోమయోసైటిస్ (కండలతో పాటు చర్మానికీ వచ్చే మయోసైటిస్) ఉన్న ఒకావిడ ఏడాదిగా బాగానే ఉన్నారు. ఫాలో-అప్ స్కాన్‌లో రెండు తొడల ముందు కండలూ తెల్లగా వెలిగాయి. జబ్బు తిరగబెట్టిందని స్టెరాయిడ్ డోసు పెంచారు. షుగర్ పెరిగింది, నిద్ర పోయింది. కొన్ని వారాలయ్యాక మాటల్లో చెప్పారావిడ: జబ్బు తగ్గితే నడిచి వస్తానని అప్పన్నకు మొక్కుకున్నారట, స్కాన్‌కు ఐదు రోజుల ముందే సింహాచలం మెట్లు ఎక్కి దిగారట. ఆవిడ బలం ఒక్కరోజు కూడా తగ్గలేదు. డాక్టర్ గారు డోసు మళ్లీ మెల్లగా తగ్గించుకుంటూ వచ్చారు. తర్వాతి స్కాన్ శుభ్రంగా వచ్చింది. ఆ రోజు టేబుల్ ఎక్కించే ముందు నేను ఒక్క మాట అడిగి ఉంటే ఆవిడకు ఆ బాధ తప్పేది.

అలవాటు లేని శ్రమ చేస్తే ఆరోగ్యంగా ఉన్నవాళ్ల కండల్లోనూ వాపు వస్తుంది, సీపీకే పెరుగుతుంది. మెట్లు ఎక్కడం కన్నా దిగడం వల్ల ఎక్కువ. దిగేటప్పుడు తొడ ముందు కండ సాగుతూనే బరువు మోస్తుంది. ఆ వాపు మర్నాటికి పోదు, మూడు నాలుగు రోజులకు ఇంకా ముదిరి, ఒక్కోసారి వారాల పాటు స్టిర్‌లో కనిపిస్తూనే ఉంటుంది. పైగా రెండు తొడల్లోనూ సమానంగా వస్తుంది, అచ్చం జబ్బులాగే. బొమ్మ ఒక్కటే చూసి తేడా చెప్పడం కష్టం. ఆషాఢంలో 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ చేసి వచ్చినవాళ్లకూ, ఫిజియోథెరపీలో కొత్తగా బరువులు మొదలెట్టినవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

స్కాన్‌కు ముందు రెండు వారాలు కొత్త శ్రమ ఏదీ పెట్టుకోకండి. రోజూ చేసే నడక మానక్కర్లేదు. ఇప్పటికే స్కాన్ అయిపోయి ఉంటే ఏ రోజు ఏం చేశారో డాక్టర్‌కి చెప్పండి. బలం తగ్గకపోతే విశ్రాంతి ఇచ్చి సీపీకే మళ్లీ చూద్దామంటారేమో. మందు మార్చడం మాత్రం వాళ్లే చేయాలి, మీ అంతట మీరు ఒక్క మాత్ర కూడా తగ్గించొద్దు.

సూదిదీ ఇదే కథ. ఈఎమ్‌జీ (కండలోని కరెంటు సంకేతాలు చూసే పరీక్ష) సూది గుచ్చిన చోట, పిరుదు మీద ఇంజెక్షన్ చేసిన చోట స్టిర్‌లో తెల్ల మచ్చ పడుతుంది. బయాప్సీకి (చిన్న కండ ముక్క తీసి చూసే పరీక్షకు) అదే చోటు ఎంచుకుంటే సూది గాయాన్నే జబ్బనుకునే ప్రమాదం ఉంది. ఎమ్మారై ముందు తీయించండి. కుదరకపోతే ఈఎమ్‌జీ ఒక కాలికి, బయాప్సీ రెండో కాలికి.

సమస్య: వాపు లేదు, సీపీకే నార్మల్, అయినా మెట్లెక్కలేకపోతున్నారు

ఎక్కువ రోజులు స్టెరాయిడ్ వాడితే ఆ మందే కండను బలహీనం చేస్తుంది. లేదా పాత వాపు తగ్గి కండ చోట కొవ్వు మిగిలి ఉంటుంది, అది టీ1లో తెలుస్తుంది. రెండింటికీ డోసు పెంచడం మందు కాదు. పాత రిపోర్టు కాగితం ఒక్కటే కాకుండా సీడీ కూడా తెచ్చుకుంటే పక్కపక్కన పెట్టి చూస్తారు.

తుంటిలో రాడ్డు ఉండి బొమ్మ చెడడం, షుగర్ వల్ల తొడ కండకు రక్తం అందకపోవడం లాంటివి అరుదు. రేడియాలజిస్టులే పట్టుకుంటారు.

పొడి దగ్గు, ఆయాసం ఉంటే తొడ స్కాన్ కోసం ఆగొద్దు. ఈ జబ్బు ఊపిరితిత్తులనూ పట్టుకుంటుంది, కొందరిలో కండల కన్నా ముందే. దానికి ఛాతీ హెచ్‌ఆర్‌సీటీ (ఊపిరితిత్తులను వివరంగా చూపే సీటీ స్కాన్) కావాలి. ఎక్స్‌రే బాగుందని ఊరుకోకుండా ఆ రోజే డాక్టర్‌కి ఫోన్ చేయండి.