ఇల్లు ఒక దేశంలో, పిల్లలు ఇంకో దేశంలో: మహమ్మారి రాకముందే సిద్ధపడడం ఎలా?

2020 మార్చి 22, జనతా కర్ఫ్యూ రోజు. సాయంత్రం అయిదింటికి మా అపార్ట్‌మెంట్ బాల్కనీల్లో పళ్ళాలు మోగుతుంటే నేను న్యూజెర్సీలోని అన్నయ్యతో ఫోనులో ఉన్నాను. ఏప్రిల్‌లో అమ్మ కంటి ఆపరేషన్‌కు రావాలని వాడు టికెట్టు కొనిపెట్టుకున్నాడు. ఆ వారంలోనే విదేశీ విమానాలు ఆగిపోయాయి. మే 7 నుంచి విదేశాల్లో చిక్కుకున్నవారిని తీసుకురావడానికి ప్రభుత్వం నడిపిన వందే భారత్ విమానాలు, తర్వాత కొన్ని దేశాలతో ప్రత్యేక ఒప్పందాల మీద నడిచినవి ఉన్నా, మామూలు రాకపోకలు మళ్ళీ మొదలైంది 2022 మార్చి 27న.

అమ్మ తెనాలిలో, నేను హైదరాబాద్‌లో, అన్నయ్య అమెరికాలో, చెల్లెలి భర్త కువైట్‌లో. తెలుగునాట ఇలాంటి ఇళ్ళు ఇప్పుడు వీధికి నాలుగు. ఆ రెండేళ్ళలో మమ్మల్ని వైరస్ కంటే కాగితాలే ఎక్కువ ఏడిపించాయి. అందుకే కాగితాలతోనే మొదలుపెడతాను.

1. పేర్లు సరిచూడండి

ఒక ఆదివారం బల్ల మీద ఇంట్లో అందరి ఆధార్, పాస్‌పోర్టు, టీకా సర్టిఫికెట్, బ్యాంకు పుస్తకం పక్కపక్కన పరవండి. మన పేర్లలోని తంటా అప్పుడు కళ్ళకు కడుతుంది. ఆధార్‌లో ఇంటిపేరు ఒక పొడి అక్షరంగా ముందు నిలబడుతుంది. పాస్‌పోర్టులో అదే ఇంటిపేరు పూర్తిగా, వేరే గడిలో ఉంటుంది. బ్యాంకు పుస్తకంలో అసలే ఉండదు. తెనాలిలో ఉన్నంతకాలం ముగ్గురూ ఒకే మనిషని అందరికీ తెలుసు. విమానాశ్రయంలో కౌంటరు వెనక ఉన్న ఉద్యోగికి వాళ్ళు ముగ్గురు వేర్వేరు మనుషులు.

పాస్‌పోర్టులో ఎలా ఉందో మిగతావన్నీ అలా మార్చుకోండి. మహమ్మారి మధ్యలో ఈ పని కాదు, కార్యాలయాలే మూతపడతాయి. మొదట్లో కోవిన్ సర్టిఫికెట్ మీద వయసు మాత్రమే వేసేవారు. విదేశాలకు వెళ్ళేవారికి పుట్టిన తేదీ పూర్తిగా వేస్తామని 2021 సెప్టెంబరు చివర్లో గానీ ప్రకటించలేదు. ఈలోపు ఎంతమంది సర్టిఫికెట్ చేతిలో పెట్టుకుని గుమ్మం దగ్గరే ఆగిపోయారో!

టీకా ఏదన్నదీ అంతే ముఖ్యం. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో పుట్టిన కొవాగ్జిన్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర జాబితాలో చేర్చింది 2021 నవంబరు 3న. అప్పటిదాకా అది రెండు డోసులు వేయించుకున్నవారు చాలా దేశాల లెక్కలో టీకా వేయించుకోనివారే. ఎంచుకునే వీలుంటే, మీరు వెళ్ళవలసిన దేశం దేన్ని ఒప్పుకుంటుందో ముందు కనుక్కోండి. ఎంచుకునే వీలు లేకపోతే దొరికింది వేయించుకోండి. ప్రయాణం కోసం టీకాను వాయిదా వేయడం తెలివితక్కువతనం.

అమెరికాలో పుట్టిన పిల్లలున్న ఇళ్ళకు ఇంకో మాట. విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చేది ఓసీఐ కార్డు. దాని మీద వీసా లేకుండా వచ్చే వెసులుబాటును 2020 మార్చిలో భారత్ నిలిపివేసింది. భారత పాస్‌పోర్టు ఉన్న తల్లిదండ్రులకు వందే భారత్ విమానంలో చోటు దొరికింది, వాళ్ళ పసిబిడ్డకు దొరకలేదు. మే 22న సడలింపు వచ్చేదాకా ఆ కుటుంబాలు అక్కడే ఉండిపోయాయి. బిడ్డ చేతిలో ఏ కాగితం ఉంది, అది చెల్లకపోతే రెండో దారి ఏమిటి, ఈ రెండూ రాసి పెట్టుకోండి.

2. మందుల అసలు పేర్లు రాయండి

మన ఇళ్ళలో మందులకు రంగులే పేర్లు. పొద్దున పసుపు బిళ్ళ, రాత్రి చిన్న తెల్ల బిళ్ళ. మందుల దుకాణం వాళ్ళకు మనిషి ముఖం చూడగానే చీటీ గుర్తొస్తుంది కాబట్టి ఇన్నేళ్ళూ సాగింది. పిల్లల్ని చూడడానికి వెళ్ళి 2020లో అమెరికాలో చిక్కుపడ్డ పెద్దవాళ్ళకు తీసుకెళ్ళిన మందులు అయిపోయాక తెలిసింది, అక్కడ మన కంపెనీల పేర్లు ఎవరికీ తెలియవని.

మందు పట్టీ వెనక్కి తిప్పి, చిన్న అక్షరాల్లో ఉండే రసాయన పేరు చూడండి: టెల్మిసార్టాన్, మెట్‌ఫార్మిన్, లెవోథైరాక్సిన్. దాని పక్కన మోతాదు మిల్లీగ్రాముల్లోనో మైక్రోగ్రాముల్లోనో ఉంటుంది. రెండూ రాసుకోండి. మన పారాసెటమాల్ అమెరికాలో ఎసిటమినోఫెన్ పేరుతో అమ్ముతారు. ఇది తెలియక రెండూ వేర్వేరనుకుని కలిపి మింగితే కాలేయానికి ముప్పు. గల్ఫ్‌కు వెళ్ళేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. ట్రమడాల్, కోడైన్ ఉన్న మందులను అనుమతి లేకుండా ఎమిరేట్స్‌కు తీసుకెళ్తే కేసు అవుతుంది.

రోజూ వాడే మందులు ఎప్పుడూ ఒక నెలకు సరిపడా అదనంగా ఉంచండి. ప్రయాణమైతే, మీరు ఉండాలనుకున్న కాలానికి రెట్టింపు.

3. గుమ్మం దాకా రాగల మనిషిని చూసుకోండి

అన్నయ్య డాలర్లు ఇట్టే పంపగలడు. ఆక్సిజన్ సిలిండర్‌ను మేడ మీదికి మోయలేడు. 2021 మేలో అమ్మకు జ్వరం వస్తే పొద్దున్నే వచ్చి తలుపు తట్టింది ఎదురింటి పాలాయన కొడుకు. ముఖానికి గుడ్డ కట్టుకుని, ఇడ్లీల డబ్బా గడప మీద పెట్టి, పది అడుగులు వెనక్కి జరిగి, ‘పిన్నిగారూ, డబ్బా తీసుకోండి’ అని కేకేసేవాడు. ఆమె చేయి డబ్బాను అందుకునేదాకా కదిలేవాడు కాదు.

అలాంటి మనిషిని మామూలు రోజుల్లోనే చూసుకోండి. ఇంటి తాళంచెవి ఒకటి, మందుల కాగితం ఒకటి, కొంత నగదు అతని దగ్గర ఉండాలి. నగదు ఎందుకంటే, బీమా ఉన్నా ముందు డబ్బు కట్టమన్న ఆసుపత్రులు అప్పుడు తక్కువేమీ కావు. అమ్మానాన్నల ఖాతాలో ఇక్కడున్న బిడ్డ పేరు కూడా చేర్చండి, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా.

4. గదిని, అంకెలను సిద్ధం చేసుకోండి

గాలి ఆడే గది, వీలైతే విడిగా స్నానాలగది. ఒక నోటు పుస్తకం, థర్మామీటరు, పల్స్ ఆక్సీమీటరు. తర్వాతి మహమ్మారి ఊపిరితిత్తులదే కావాలని లేదు. అయినా ఈ వస్తువులు వృథా పోవు.

కొవిడ్‌లో మన ఆరోగ్య శాఖ వాడిన కొలత తేలికగా గుర్తుంటుంది. ఆయాసం లేకుండా ఆక్సిజన్ 94, ఆ పైన ఉంటే ఇంట్లో ఉండవచ్చు. 90 నుంచి 93 మధ్య అయితే ఆసుపత్రికి వెళ్ళాలి. 90 కంటే తగ్గితే ప్రాణాపాయం. చూడడానికి పద్ధతి ఉంది. గోరు రంగు తుడిచి, చేతులు చల్లగా ఉంటే రుద్దుకుని, అయిదు నిమిషాలు కదలకుండా కూర్చుని, అంకె నిలకడగా నిలిచాక రాసుకోవాలి. ఇంకో సంగతి మనకు బాగా పట్టేది: చర్మపు రంగు కూడా ఈ పరికరాన్ని తప్పుదారి పట్టించగలదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2021 ఫిబ్రవరిలో హెచ్చరించింది. ముదురు చర్మం ఉన్నవారిలో అసలు ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. కాబట్టి ఒక్క అంకెను నమ్ముకోకండి. నిన్న 97, ఇవాళ పొద్దున 95, సాయంత్రం 94 అంటూ జారుతుంటే డాక్టరును పిలవండి.

అంకె బాగున్నా మాట తడబడితే, ఒక వాక్యం పూర్తిచేయడానికి మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటుంటే, ఆలస్యం చేయకండి. ఫోనులో అమ్మ చేత వేంకటేశ్వర సుప్రభాతం రెండు శ్లోకాలు చదివించేదాన్ని. ఎక్కడ ఆగిందో నాకు తెలిసిపోయేది. డాక్టరుతోనూ ఫోనులోనే మాట్లాడవచ్చు. 2020 మార్చి 25న వచ్చిన మార్గదర్శకాలతో దానికి స్పష్టమైన నియమాలున్నాయి. వాట్సాప్‌లో తిరిగే చీటీ చూసి స్టెరాయిడ్లు మాత్రం మొదలుపెట్టవద్దు. మధుమేహం ఉన్నవారిలో బ్లాక్ ఫంగస్ అంతగా పెరగడానికి ఆ ఇష్టారాజ్యపు వాడకం కూడా ఒక కారణం.

5. బయలుదేరవలసి వస్తే

నిబంధనలు మూడుచోట్ల చూడాలి: ఎక్కే దేశం, దిగే దేశం, మధ్యలో మారే దేశం. 2020 ఆగస్టులో కువైట్ మన దేశం నుంచి నేరుగా వచ్చే విమానాలను ఆపేసింది. కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్ళే వాళ్ళెందరో దుబాయిలో 14 రోజులు గది అద్దె కట్టుకుని ఉండి, అక్కడినుంచి వెళ్ళారు. మా మరిదికి ఆ అద్దె తీర్చడానికి చాలా నెలలు పట్టింది.

గడువు లెక్కను మాట మాటగా చదవండి. మన దేశానికి వచ్చేవారిని 72 గంటల లోపు పరీక్ష అడిగారు. అమెరికా అడిగింది మూడు రోజుల లోపు. రెండూ ఒకటి కావు. గంటల లెక్కలో, సరిగ్గా మూడు రోజుల ముందు చేయించి ఉంటే విమానం కాస్త ఆలస్యమైనా గడువు దాటిపోయే ప్రమాదం ఉంది. రోజుల లెక్కలో గంటతో పనిలేదు. తర్వాత అమెరికా దాన్ని కూడా ఒక్క రోజుకు కుదించింది.

అమెరికాలో హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవారు వార్తల్లో కొత్త రోగం పేరు వినబడుతున్నప్పుడు వీసా ముద్ర కోసం ఇండియాకు రాకుండా ఉంటే మేలు. 2020 మార్చిలో కాన్సులేట్లు మూతపడి, పెళ్ళికని రెండు వారాలకు వచ్చినవారు నెలల తరబడి ఇక్కడే ఉండిపోయారు. మనిషి ఇక్కడ, ఇంటి అద్దె అక్కడ.

6. ఎవరూ అడగని ప్రశ్న అడగండి

రాలేకపోతే ఎలా? ఈ ప్రశ్న అడగడానికి నాకు ఏడాది పట్టింది. కొవిడ్‌తో పోయినవారి ముఖం దూరంనుంచి చూడవచ్చని, అస్థికలు తీసుకోవడంలో ప్రమాదం లేదని 2020 మార్చి నాటి కేంద్ర మార్గదర్శకాల్లోనే ఉంది. అది చదివినవాళ్ళు లేక భయంతో శ్మశానంలో వదిలేసిన కుండలెన్నో. కాబట్టి నిబంధన ఏమిటో చదివి, ఇంట్లో పెద్దవాళ్ళను నేరుగా అడగండి.

అమ్మ వంకాయలు తరుగుతూ తల ఎత్తకుండా జవాబిచ్చింది: ‘అన్నయ్య రాలేకపోతే తలకొరివి నువ్వే పెట్టు. ఫోనులో వాడికి చూపించు. కానీ ఈ మాట వాడికి ఇప్పుడే చెప్పు, అప్పుడు చెబితే తట్టుకోలేడు.’

ఆ ఆదివారం చెప్పాను. అవతల చాలాసేపు నిశ్శబ్దం. తర్వాత, అమ్మ పాస్‌పోర్టు ఎప్పటిదాకా ఉందో చూడమన్నాడు. చూశాను. గడువు ఇంకా నాలుగు నెలలే.