ఫ్యాక్టరీలో గొడవ జరిగిన మర్నాటి నుంచి కార్మికుడి కుటుంబం, యూనియన్ చేయవలసిన పనులు

2012 జూలై 18న హర్యానాలోని మానేసర్‌లో మారుతీ సుజుకి కర్మాగారంలో గొడవ చెలరేగింది. మంటల్లో మానవ వనరుల విభాగం జనరల్ మేనేజర్ అవనీశ్ కుమార్ దేవ్ ప్రాణాలు కోల్పోయారు. పోలీసులు 148 మంది కార్మికులను జైలుకు పంపగా, యాజమాన్యం 546 మంది పర్మనెంటు కార్మికులను తొలగించింది. అంటే దాదాపు 400 మంది మీద క్రిమినల్ కేసే లేదు, ఉద్యోగం మాత్రం పోయింది. కాంట్రాక్టు కార్మికులు ఈ లెక్కలోకే రాలేదు.

ఆ తేడా ఎందుకు వచ్చిందో అర్థమైతే ఈ వ్యాసంలో సగం అర్థమైనట్టే. హింస జరిగిన తర్వాత ప్రభుత్వం కార్మికుడికి ఒకే రూపంలో ఎదురుపడదు. పోలీసు స్టేషన్‌లో ఒక వ్యవహారం, లేబర్ ఆఫీసులో మరొకటి, గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండ్ లెక్కల్లో ఇంకొకటి నడుస్తాయి. ఒకదాని గడువు మరొకదాని కోసం ఆగదు. కుటుంబమంతా జైలు గేటు దగ్గర, కోర్టు వరండాలో నిలబడి ఉన్న ఆ నెలల్లోనే మిగతా రెండు చోట్ల గడువులు దాటిపోతుంటాయి. అందుకని మొదటి రోజే మూడు ఫైళ్లు విడివిడిగా తెరిచి, ఒక్కోదానికి ఒక్కో మనిషిని బాధ్యుడిగా పెట్టుకోవాలి. వకీలు చూసుకుంటాడులే అని వదిలేయకూడదు, ఎందుకంటే క్రిమినల్ కేసు చూసే వకీలుకు లేబర్ ఆఫీసు సంగతి పట్టదు.

మొదటి 24 గంటలు

పోలీసులు తీసుకెళ్లిన మనిషి ఎక్కడున్నాడో తెలుసుకోవడం మొదటి పని. "విచారణకు పిలిచాం, సాయంత్రానికి పంపించేస్తాం" అన్న మాట విన్న వెంటనే ఒక నోటుపుస్తకంలో తీసుకెళ్లిన సమయం, చోటు, చూసినవారి పేర్లు, వచ్చిన వాహనం వివరం రాసి పెట్టండి. అరెస్టు చేసిన వ్యక్తిని ప్రయాణ సమయం మినహా 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతోంది. అరెస్టు పత్రం రాయాలనీ, దాని మీద కుటుంబ సభ్యుడో స్థానికంగా పేరున్న వ్యక్తో సాక్షి సంతకం చేయాలనీ భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన చట్టం) చెబుతోంది. అయితే ఆచరణలో ఆ 24 గంటలు ఎప్పటి నుంచి మొదలయ్యాయన్నదే తగాదా అవుతుంది, ఎందుకంటే ముందు రోజు రాత్రి తీసుకెళ్లి మర్నాడు మధ్యాహ్నం అరెస్టు చూపించడం కొత్త విషయమేమీ కాదు. మీ నోటుపుస్తకం అక్కడ పనికొస్తుంది. అదే వివరాలను ఎస్పీకి, సంబంధిత మేజిస్ట్రేట్‌కు ఈమెయిల్‌లోనో రిజిస్టర్డ్ పోస్టులోనో పంపితే వాటి మీద తేదీ, సమయం పడతాయి. మనిషి జాడే తెలియకపోతే హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ (మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని కోరే దరఖాస్తు) వేయాలి.

దెబ్బలు తగిలి ఉంటే రిమాండ్ సమయంలోనే మేజిస్ట్రేట్‌కు నోటితో చెప్పాలి. తర్వాత చెబితే "అప్పుడెందుకు చెప్పలేదు" అన్న ప్రశ్న ఏళ్ల తరబడి వెంటాడుతుంది. వకీలుకు డబ్బులు లేవని ఆగిపోవద్దు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం నిర్బంధంలో ఉన్నవారికీ, పారిశ్రామిక కార్మికులకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇస్తే సరిపోతుంది.

ఎఫ్‌ఐఆర్‌లో "మరికొందరు"

ఎఫ్‌ఐఆర్ నకలు చేతికి రాగానే ముందుగా చివరి వాక్యాలు చదవండి. పదిహేను పేర్లు రాసి, ఆ తర్వాత "మరికొందరు గుర్తు తెలియని వ్యక్తులు" అని ఉంటే, ఆ మాట ఇంకా అరెస్టు కాని ప్రతి కార్మికుడి మెడ మీద వేలాడుతూనే ఉంటుంది. ఎన్ని వారాల తర్వాతైనా అందులో ఎవరినైనా చేర్చవచ్చు.

తర్వాత సెక్షన్లు చూడాలి. 2024 జూలై 1 నుంచి పాత భారతీయ శిక్షాస్మృతి (ఐపీసీ) స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులో ఉంది. అందులో 189 చట్టవిరుద్ధ సమూహానికి, 191 దొమ్మీకి సంబంధించినవి. మామూలు దొమ్మీకి గరిష్ఠ శిక్ష 2 ఏళ్లే కనుక, నోటీసు ఇచ్చి పిలిపించుకోవచ్చు తప్ప వెంటనే అరెస్టు చేసి తీరాలన్న నియమమేదీ లేదు. అసలు భయపడవలసింది 190వ సెక్షన్‌కు. ఐదుగురు లేదా అంతకు మించిన గుంపు ఉమ్మడి లక్ష్యంతో చేసిన నేరానికి, ఆ గుంపులో ఉన్న ప్రతి ఒక్కరూ బాధ్యులేనని ఆ సెక్షన్ చెబుతుంది. దానికి 103 అంటే హత్య (పాత 302), లేదా 109 అంటే హత్యాయత్నం (పాత 307) జత అయితే, గేటు బయట నిలబడి నినాదాలిచ్చినవాడూ యావజ్జీవ శిక్ష పడే కేసులో ముద్దాయి అవుతాడు.

ఈ తర్కం ఎంత దూరం పోగలదో చూడాలంటే దక్షిణాఫ్రికా వైపు చూడాలి. మానేసర్ ఘటన జరిగిన నెల లోపే, 2012 ఆగస్టు 16న, అక్కడి మరికానా ప్లాటినం గని దగ్గర సమ్మెలో ఉన్న 34 మందిని పోలీసులు కాల్చి చంపారు. ఆ తర్వాత సుమారు 270 మంది గని కార్మికుల మీదనే, చనిపోయిన తమ తోటివారిని హత్య చేశారన్న అభియోగం మోపారు. అక్కడి చట్టంలోని ఉమ్మడి ఉద్దేశం అన్న సూత్రమే దానికి ఆధారం. దేశమంతా ఆగ్రహం వ్యక్తం కావడంతో కొద్ది రోజులకే ఆ అభియోగాన్ని వెనక్కి తీసుకున్నారు.

అందుచేత కార్మికుడి తరఫున చేయవలసిన అతి ముఖ్యమైన పని, గుంపులోంచి అతడిని విడదీసి చూపడం. ఆ రోజు అతడి షిఫ్టు ఏది, పంచింగ్ ఎన్ని గంటలకు పడింది, కంపెనీ బస్సు ఎక్కిన చోటు ఏది, క్యాంటీన్ కూపన్ వాడాడా, ఫోన్ నుంచి ఎప్పుడు ఎవరికి డబ్బు చెల్లించాడు, ఆస్పత్రి చీటీ ఏదైనా ఉందా అన్నవి వారం లోపు సేకరించాలి. వీధిలోని దుకాణాల కెమెరాల్లో పాత దృశ్యాల మీద కొత్తవి పడిపోతుంటాయి కనుక వాటికి ఇంకా తొందర పడాలి. ఫ్యాక్టరీ లోపలి కెమెరాల దృశ్యాలనూ, హాజరు రికార్డునూ భద్రపరచాలని వకీలు ద్వారా కోర్టులో దరఖాస్తు వేయించండి. మంటల్లో కాలిపోయాయన్న జవాబు వస్తే ఆ జవాబునైనా లిఖితపూర్వకంగా తీసుకోండి.

మానేసర్ కేసులో ముద్దాయిలను గుర్తించిన తీరు చూస్తే ఇదంతా ఎందుకో తెలుస్తుంది. ప్రాసిక్యూషన్ సాక్షులుగా వచ్చిన లేబర్ కాంట్రాక్టర్లు తాము చూశామంటూ చెప్పిన పేర్లు ఇంగ్లీషు అక్షర క్రమంలో ఉన్నాయి. ఒక సాక్షి చూసినవారి పేర్లు ఫలానా అక్షరంతో ఆగిపోతే, అక్కడి నుంచి తర్వాతి సాక్షి అందుకున్నాడు. మంటలూ పొగా ఉన్న చోట కార్మికులు హాజరుపట్టీ వరసలో నిలబడి కనిపించారంటే ఎవరు నమ్ముతారు? కోర్టూ నమ్మలేదు. 2017 మార్చి 10న గురుగ్రామ్ కోర్టు 117 మందిని నిర్దోషులుగా వదిలి, 31 మందిని దోషులుగా తేల్చింది. వారిలో 13 మందికి యావజ్జీవ శిక్ష పడింది. గుంపు నేరాల్లో ఒక ముద్దాయిని శిక్షించాలంటే పొంతన ఉన్న ఇద్దరు ముగ్గురు సాక్షుల మాట ఉండాలన్న కొలమానాన్ని సుప్రీంకోర్టు 1964లోనే మసల్టీ కేసులో ఆమోదించింది. మీ మనిషి పేరు ఎంతమంది సాక్షులు చెప్పారో, ఏ పని చేస్తుండగా చూశామన్నారో చార్జిషీటు రాగానే ఒక పట్టికగా రాసుకోండి. వకీలుకు మీరివ్వగల గొప్ప సహాయం అదే.

బెయిలు

హత్య కేసు ఉంటే బెయిలు త్వరగా వస్తుందని ఇంట్లోవాళ్లకు ఆశ పెట్టవద్దు. మానేసర్ కార్మికుల బెయిలును 2013లో పంజాబ్, హర్యానా హైకోర్టు తిరస్కరిస్తూ, ఇలాంటి అశాంతి వల్ల విదేశీ పెట్టుబడిదారులు వెనకాడతారన్న మాటను కూడా కారణాల్లో చేర్చింది. ఒక మనిషి నేరం చేశాడా లేదా అన్న ప్రశ్నకూ పెట్టుబడులకూ సంబంధం ఏమిటో ఈ వ్యాసకర్తకు ఇప్పటికీ బోధపడలేదు. కానీ ప్రభుత్వాలు ఇలాంటి కేసులను మామూలు దొమ్మీ కేసుల్లా చూడవని గ్రహించడానికి అది చాలు. చాలామంది బయటికి రావడానికి 2015 దాకా పట్టింది.

ఒక తేదీని మాత్రం క్యాలెండర్ మీద ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకోవాలి. పదేళ్లు లేదా అంతకు మించిన శిక్ష పడగల నేరాల్లో 90 రోజులు, మిగతావాటిలో 60 రోజులు గడిచినా చార్జిషీటు దాఖలు కాకపోతే బెయిలు హక్కుగా వస్తుంది. అయితే అది దానంతటది రాదు, దరఖాస్తు వేయాలి. మీరు వేసేలోపు పోలీసులు చార్జిషీటు వేస్తే ఆ హక్కు పోతుంది. గడువు ముగిసిన మర్నాటి ఉదయమే వకీలు కోర్టులో ఉండాలి, జామీనుదారుల కాగితాలు అప్పటికే సిద్ధంగా ఉండాలి.

లేబర్ ఆఫీసు, గ్రాట్యుటీ

జైల్లో ఉన్న కార్మికుడి ఇంటి చిరునామాకు షోకాజ్ నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో వస్తుంది. తలుపు తాళం వేసి ఉందని పోస్టుమాన్ తిప్పి పంపితే, అందుకోవడానికి నిరాకరించాడని యాజమాన్యం రాసుకుంటుంది. కనుక ఆ కవరును ఎవరో ఒకరు తీసుకొని, కార్మికుడు జైల్లో ఉన్నాడనీ, జవాబుకు గడువు కావాలనీ యూనియన్ ద్వారా వెంటనే రాయించాలి. జైలు సూపరింటెండెంట్ ద్వారా కార్మికుడి సంతకంతో మరో లేఖ పంపిస్తే ఇంకా మంచిది. క్రిమినల్ కేసు, డొమెస్టిక్ ఎంక్వైరీ (కంపెనీ లోపల జరిపే విచారణ) రెండూ ఒకేసారి నడవవచ్చు. కానీ రెండూ అవే సంఘటనల మీద, అవే సాక్ష్యాల మీద ఆధారపడి, కేసు తీవ్రమైనదై చిక్కులతో కూడుకున్నదైతే ఎంక్వైరీని ఆపమని కోరవచ్చని 1999లో పాల్ ఆంథోనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

అసలు ఎంక్వైరీయే లేకుండా తొలగిస్తే, ఆ ఆరోపణను ట్రిబ్యునల్ (కార్మిక వివాదాలు తేల్చే న్యాయస్థానం) ముందు రుజువు చేయవలసిన భారం యాజమాన్యం మీద పడుతుంది. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతి ప్రకారం ముందు లేబర్ శాఖలోని రాజీ అధికారికి దరఖాస్తు ఇవ్వాలి, 45 రోజుల్లో పరిష్కారం కాకపోతే కార్మికుడు నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. తొలగించిన తేదీ నుంచి 2 ఏళ్లలోపే ఇదంతా జరగాలి. పాత చట్టంలో 3 ఏళ్లు ఉండేది. క్రిమినల్ కేసు తేలాక చూద్దామనుకున్నవాడికి ఇక్కడే దెబ్బ తగులుతుంది, మానేసర్ తీర్పు రావడానికి దాదాపు 5 ఏళ్లు పట్టిందని గుర్తుంచుకోండి.

తొలగింపు ఉత్తర్వులో కారణం ఏమని రాశారో పదం పదం చదవాలి. అల్లరి, హింస కారణంగా ఉద్యోగం తీసేస్తే గ్రాట్యుటీని పూర్తిగానో కొంతమేరకో జప్తు చేసుకునే వీలు చట్టంలో ఉంది. కేవలం విశ్వాసం కోల్పోయామని రాసిన ఉత్తర్వుతో అలా జప్తు చేయడాన్ని ప్రశ్నించవచ్చు. ప్రావిడెంట్ ఫండ్ సంగతి వేరు. కార్మికుడి ఖాతాలోని ఆ డబ్బును ఏ అప్పు కిందా, ఏ నష్టపరిహారం కిందా జప్తు చేయడానికి వీల్లేదు. లెక్కలన్నీ తీరిపోయాయని తెలిపే "ఫుల్ అండ్ ఫైనల్" కాగితం మీద సంతకం చేయక తప్పని పరిస్థితి వస్తే, తన హక్కులకు భంగం లేకుండా ఈ మొత్తం తీసుకుంటున్నానని సొంత చేతిరాతతో రాసి సంతకం చేయాలి. కాంట్రాక్టు కార్మికుడికి ఉత్తర్వే రాదు, మర్నాడు గేటు దగ్గర పాస్ పనిచేయదు, అంతే. అతడు పాస్ ఫొటో, ఈఎస్ఐ కార్డు, కాంట్రాక్టరు పేరున్న పీఎఫ్ పాస్‌బుక్ ప్రింటు దాచుకోవాలి.

కమిషన్లు, కేసుల ఉపసంహరణ

2012 జనవరి 27న మన పక్కనే ఉన్న యానాంలో, రీజెన్సీ సిరామిక్స్ కార్మికుల ఆందోళనలో యూనియన్ నాయకుడూ, కంపెనీ ఉన్నతాధికారీ ఇద్దరూ చనిపోయారు. ఫ్యాక్టరీ తగలబడి ఏళ్ల తరబడి మూతపడింది. కేసులతో సంబంధం లేనివారి ఉపాధి కూడా పోయింది. ఇటువంటి సందర్భాల్లో ప్రభుత్వం విచారణ కమిషన్ వేస్తే కార్మికులు దాని ముందుకు వెళ్లడానికి జంకుతారు. 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం ప్రకారం, అబద్ధపు సాక్ష్యం చెప్పిన సందర్భంలో తప్ప, అక్కడ ఇచ్చిన వాంగ్మూలాన్ని ఆ వ్యక్తికి వ్యతిరేకంగా వాడరాదు. అయినా ముద్దాయిగా ఉన్నవారు వకీలును అడిగాకే వెళ్లాలి.

ప్రభుత్వం మారితే కేసులు ఎత్తేస్తారన్న మాట ఎన్నికల వేళ తప్పక వినిపిస్తుంది. ఉద్యమ కేసులను జీవోల ద్వారా ఉపసంహరించిన ఉదాహరణలు తెలంగాణలో ఉన్నాయి. కానీ జీవో ఒక్కటే చాలదు, పబ్లిక్ ప్రాసిక్యూటర్ కోర్టులో దరఖాస్తు వేయాలి, దానికి కోర్టు సమ్మతించాలి. ఆ సమ్మతి యాంత్రికంగా ఇచ్చేది కాదని 2021లో కేరళ శాసనసభ గొడవ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మనిషి ప్రాణం పోయిన కేసులో దీన్ని నమ్ముకొని సాక్ష్యాల పని ఆపకూడదు.

చివరగా, నిర్దోషిగా తీర్పు వచ్చిన రోజున పని అయిపోయిందనుకోకండి. మానేసర్‌లో విడుదలైన 117 మందిని కంపెనీ వెనక్కి తీసుకోలేదు. 2024 సెప్టెంబరులో కూడా తొలగించిన కార్మికులు అక్కడ ధర్నాకు కూర్చున్నారు. తీర్పు సర్టిఫైడ్ కాపీకి అదే వారం దరఖాస్తు చేసి, అప్పటికే ట్రిబ్యునల్‌లో నడుస్తున్న కేసులో దాన్ని దాఖలు చేయాలి.