ఫాలౌట్ 4లో గ్లోయింగ్ సీ దాటలేకపోతున్నారా? సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

2015 నవంబర్ 10న విడుదలైన ఫాలౌట్ 4 అనే వీడియో గేమ్‌లో కథ 2287లో, అంటే 2077 అక్టోబర్ 23న జరిగిన అణుయుద్ధం తర్వాత రెండు వందల పదేళ్లకు, బోస్టన్ నగర శిథిలాల మధ్య మొదలవుతుంది. మ్యాప్‌లో నైరుతి మూలన ఉండే గ్లోయింగ్ సీ ఆనాడు బాంబు పడి ఇప్పటికీ రేడియేషన్ నిండి ఉన్న చోటు. మెమొరీ డెన్ అనే చోట డాక్టర్ అమారీ సాయంతో కిరాయి సైనికుడు కెలాగ్ జ్ఞాపకాలను చూసిన తర్వాత, ఇన్‌స్టిట్యూట్ అనే రహస్య శాస్త్రవేత్తల సంస్థ నుంచి పారిపోయిన శాస్త్రవేత్త వర్జిల్‌ను వెతుక్కుంటూ ఆటగాడు ఆ ప్రాంతంలో అడుగుపెట్టక తప్పదు. ప్రధాన కథను వదలకుండా ఆడేవారు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే.

బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ పీజీ గదుల్లో శని, ఆదివారాలు ఈ ఆట ఆడే మన తెలుగు కుర్రాళ్ల నుంచి నాకు తరచుగా వినిపించే మాట ఒకటే: "అన్నా, స్టిమ్‌ప్యాక్‌లు వరసపెట్టి వేస్తున్నాను, అయినా బార్ నిండట్లేదు, చచ్చిపోతున్నాను." స్టిమ్‌ప్యాక్ అంటే ఆరోగ్యాన్ని నింపే మందు, బార్ అంటే తెరమీద ఆరోగ్యాన్ని చూపే పట్టీ. ఈ ప్రాంతంలో ఎదురయ్యే ఇబ్బందులు చాలావరకు ఈ ఒక్క లక్షణం చుట్టూనే తిరుగుతాయి కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

సమస్య: స్టిమ్‌ప్యాక్ వాడినా ఆరోగ్యం పూర్తిగా నిండడం లేదు

ఆరోగ్యం బార్‌ను ఒకసారి నిదానంగా గమనించండి. దెబ్బ తగిలితే బార్ కుడివైపు నుంచి ఖాళీ అవుతుంది. రేడియేషన్ సోకితే ఖాళీ కావడం కాకుండా అదే కుడివైపు నుంచి ఎర్రగా మారుతూ వస్తుంది. స్టిమ్‌ప్యాక్ ఖాళీని నింపగలదు గానీ ఎరుపును తాకలేదు. ఎరుపు మొదలైన గీత దగ్గరే దాని పని ఆగిపోతుంది. రాడ్స్ అంటే ఆటలో రేడియేషన్ కొలత. పది రాడ్స్ సోకితే మొత్తం ఆరోగ్యంలో ఒక శాతం ఆ ఎరుపు కిందికి పోతుంది. వెయ్యి రాడ్స్ చేరితే బార్ మొత్తం ఎర్రబడి పాత్ర అక్కడికక్కడే చనిపోతుంది. ఆరు వందల రాడ్స్‌తో నడుస్తున్న ఆటగాడి దగ్గర ఎన్ని స్టిమ్‌ప్యాక్‌లు ఉన్నా అతనికి మిగిలింది నలభై శాతం ఆరోగ్యమే. అంతటి బలహీన స్థితిలో డెత్‌క్లా అనే భారీ మృగం ఒక్క పంజా విసిరినా ప్రాణం నిలవడం కష్టం. చివరి దెబ్బ డెత్‌క్లాదే కావడంతో చాలామంది నేరం దానిమీద వేసి ఇంకా పెద్ద తుపాకి కోసం వెతుకుతారు. అసలు కారణం అంతకు చాలా ముందే, రేడియేషన్‌ను పసిగట్టే గైగర్ కౌంటర్ టిక్కుల మధ్య, మెల్లగా పాకి వచ్చిన ఎరుపులో ఉంటుంది.

దీనికి మందులు రెండు ఉన్నాయి, అవి రెండూ ఒకే పని చేయవు. రాడ్-ఎక్స్ అనేది రేడియేషన్ నిరోధకతను కొద్ది నిమిషాలపాటు వంద పెంచే మందు. అది ముందుజాగ్రత్త కోసం వేసుకోవలసినది, ఒంట్లో చేరిపోయిన రాడ్స్‌ను అది ఏమీ చేయలేదు. రాడ్‌అవే అనేది చేరిన రాడ్స్‌ను తీసివేసే మందు, పెర్కులు (లెవెల్ పెరిగినప్పుడు ఎంచుకునే ప్రత్యేక సామర్థ్యాలు) ఏవీ లేకపోతే ఒక డోసు మూడు వందల రాడ్స్ తగ్గిస్తుంది. అందువల్ల వంద రాడ్స్ సోకగానే కంగారుపడి రాడ్‌అవే ఎక్కించడం మందును వృథా చేయడమే. ఎరుపు బార్‌లో మూడో వంతుకు దగ్గరపడే వరకు ఆగి వాడితే డోసు మొత్తం ఉపయోగపడుతుంది. మెడిక్ పెర్కు తీసుకుంటే మొదటి మెట్టులోనే ఒక డోసు ముప్పై శాతానికి బదులు నలభై శాతం తీసివేస్తుంది, స్టిమ్‌ప్యాక్ కూడా అదే లెక్కన బలపడుతుంది. గ్లోయింగ్ సీకి వెళ్లబోయే ముందు చేతిలో ఒక పెర్కు పాయింటు ఉంటే నేనైతే దాన్ని ఆయుధాలకు కాకుండా దీనికే పెడతాను.

ఇక అసలైన పరీక్ష ఇది. సరిహద్దులో సేవ్ చేసి, లోపలికి కొంత దూరం నడిచి, శత్రువులు లేని చోట కదలకుండా నిలబడండి. గైగర్ కౌంటర్ మోగుతున్నప్పుడు, ఎన్ని రాడ్స్ సోకుతున్నాయో తెలిపే అంకె తెరమీద కనిపిస్తుంది. అది చాలా చిన్న అంకె అయితే మీ రక్షణ సరిపోతుంది, ధైర్యంగా ముందుకు వెళ్లవచ్చు. ఎరుపు కంటికి కనిపించేంత వేగంగా పెరుగుతుంటే మాత్రం మందులతో నెట్టుకురావాలని చూడకండి, అది చిల్లుకుండలో నీళ్లు పోయడం లాంటిది. వెనక్కి వచ్చి, చిల్లు ఎక్కడుందో కింది సమస్యల్లో వెతకండి. ఆకాశం పచ్చబారి మెరుపు మెరిసినప్పుడల్లా అంకె ఎగసిపడి మళ్లీ తగ్గుతుంటే అది రేడియేషన్ తుఫాను. అప్పుడు తలుపు తెరవగానే లోడింగ్ తెర వచ్చే ఏదైనా భవనంలోకి వెళ్లి అది తగ్గే వరకు ఆగితే చాలు.

సమస్య: పవర్ ఆర్మర్ వేసుకున్నా రాడ్స్ ఎక్కుతున్నాయి

లోపలికి ఎక్కి నడిపే యాంత్రిక కవచమైన పవర్ ఆర్మర్ ఒకే ముక్కలా కనిపించినా అది ఒక ఫ్రేమ్ మీద బిగించిన ఆరు ముక్కల సముదాయం: శిరస్త్రాణం, మొండెం, రెండు చేతులు, రెండు కాళ్లు. రేడియేషన్ నుంచి కాపాడే శక్తి ఆ ముక్కల మధ్య పంచబడి ఉంటుంది, ఏ ముక్క లేకపోతే దాని వాటా రక్షణ అంతా పోతుంది. కాంకర్డ్‌లో మ్యూజియం ఆఫ్ ఫ్రీడమ్ పైకప్పు మీద దొరికే టీ-45 కవచాన్నే మరమ్మతు చేయకుండా ఇక్కడి దాకా తెచ్చినవారికి ఈ సమస్య తప్పకుండా ఎదురవుతుంది. పోరాటం మధ్యలో ఒక ముక్క ఆయుష్షు సున్నాకు చేరితే అది ఒంటినుంచి ఊడిపోతుంది. ఆ హడావిడిలో ఆ సంగతి గమనించడం కష్టం. మూడో వ్యక్తి దృష్టికోణానికి మారి కెమెరాను చుట్టూ తిప్పి చూడండి. ఒక కాలికి పలకలు లేక లోపలి ఇనుప చట్రం మాత్రమే కనిపిస్తే, రాడ్స్ ఎక్కడినుంచి ఎక్కుతున్నాయో ఆ కాలే చెబుతుంది.

పరిష్కారం బయలుదేరే ముందే జరగాలి. ఆట మొదట్లో దొరికే స్థావరం శాంక్చురీలో గానీ, పక్కనే ఉన్న రెడ్ రాకెట్ పెట్రోలు బంకులో గానీ ఉన్న పసుపుపచ్చని పవర్ ఆర్మర్ స్టేషన్ దగ్గర కవచాన్ని నిలిపి, దిగి, ఆరు ముక్కలనూ ఒక్కొక్కటిగా పూర్తి ఆయుష్షుకు తీసుకురండి. టీ-45కు ప్రధానంగా ఉక్కు కావాలి, పై రకాలకు అల్యూమినియం కూడా కావలసి వస్తుంది కనుక పాత డబ్బాలు, ట్రేలు కనిపించినప్పుడు వదలవద్దు. తగిన పెర్కులు ఉన్నవారు ముక్కలకు సీసపు పూత వేయించుకుంటే రేడియేషన్ నిరోధకత ఇంకా పెరుగుతుంది. ఈ ప్రాంతానికి ఇతర పూతలకంటే అదే పనికొస్తుందని నా అభిప్రాయం. శిరస్త్రాణం వేరే వస్తువుగా సంచిలో పడి ఉండిపోవడం కూడా తరచుగా జరిగేదే కాబట్టి బయలుదేరేముందు దాన్ని ప్రత్యేకంగా చూసుకోండి.

కవచం లోపల నిరోధక దుస్తులు వేసుకోవాలా అని అడుగుతుంటారు. కవచంలో ఉన్నంతసేపు వాటితో పనిలేదు గానీ, ఏ కారణం చేతనైనా దిగవలసి వస్తే ఆ దుస్తులే ప్రాణం నిలుపుతాయి.

సమస్య: దారి మధ్యలో ఫ్యూజన్ కోర్ అయిపోయి కవచం నత్తనడక నడుస్తోంది

ఫ్యూజన్ కోర్ అంటే పవర్ ఆర్మర్‌ను నడిపే బ్యాటరీ. అది అయిపోవడానికి దాదాపు ప్రతిసారీ కారణం పరుగే. నడక కోర్‌ను నెమ్మదిగా వాడుతుంది, కదలకుండా నిలబడితే అసలు వాడదు, స్ప్రింట్ మాత్రం కళ్లముందే హరించేస్తుంది. భయపడి పరుగెత్తడం సహజమే అయినా, ఈ ప్రాంతంలో పరుగును రాడ్‌స్కార్పియన్ అనే పెద్ద తేలు వెంటపడినప్పటికే దాచుకోవాలి. ఫాస్ట్ ట్రావెల్ (మ్యాప్‌లో చోటు ఎంచుకుని నేరుగా చేరుకోవడం) చేస్తే కోర్ ఖర్చు కాదు కనుక, మీకు తెలిసిన చోట్లలో సరిహద్దుకు అన్నిటికంటే దగ్గరగా ఉన్నదానికి ముందు అలా చేరుకుని అక్కడి నుంచి నడక మొదలుపెట్టండి. మొదటి ప్రయాణానికి సంచిలో మూడు నాలుగు కోర్‌లు ఉంటే నిశ్చింతగా వెళ్లి రావచ్చు. పాత భవనాల నేలమాళిగల్లో ఉండే జనరేటర్లలో అవి దొరుకుతాయి. న్యూక్లియర్ ఫిజిసిస్ట్ పెర్కు మొదటి మెట్టుతో ఒక్కో కోర్ ఇరవై అయిదు శాతం ఎక్కువసేపు వస్తుంది, అయితే దానికి పాత్ర తెలివిని కొలిచే ఇంటెలిజెన్స్ అంకె 9 ఉండాలి.

సమస్య: హజ్‌మట్ సూట్‌లో రాడ్స్ లేవు, కానీ ఒకటి రెండు దెబ్బలకే మరణం

ఒళ్లంతా కప్పే రక్షణ దుస్తులైన హజ్‌మట్ సూట్ వెయ్యి రేడియేషన్ నిరోధకతను ఇస్తుంది, గైగర్ శబ్దం దాదాపుగా మాయమవుతుంది. అయితే అది దెబ్బలను ఆపలేదు, దానిమీద మరే కవచమూ తొడగడం కుదరదు. ఈ సూట్‌తో వెళ్లేవారు పోరాటానికి దిగకూడదు, వంగి నక్కుతూ, ఎత్తయిన గట్ల వెంబడి, ముందు దూరంగా చూసుకుంటూ సాగాలి. నేల మీద ఇసుక పెళ్లలు లేస్తూ కనిపిస్తే రాడ్‌స్కార్పియన్ భూమిలోకి దూరి మీవైపు వస్తున్నట్టు. అది మీ పక్కనే పైకి లేస్తుంది, దాని కొండి విషం దెబ్బ తగిలాక కూడా కొంతసేపు ఆరోగ్యాన్ని తింటూనే ఉంటుంది. డెత్‌క్లాతో తలపడక తప్పకపోతే ముందు కాళ్లమీద కాల్చి కుంటిదాన్ని చేయండి, అది లేచి నిలిచినప్పుడు మెత్తని పొట్టను గురిపెట్టండి. మొదటిసారి వెళ్లేవారికి నేను పవర్ ఆర్మర్‌నే సూచిస్తాను. దారి తెలిసి రెండోసారి తేలికగా వెళ్లి రావాలనుకునేవారికి హజ్‌మట్ సరిపోతుంది.

సమస్య: వర్జిల్ గుహ కనిపించడం లేదు

ముందుగా చేరుకోవలసిన చోటు గుహ కాదు, క్రేటర్ ఆఫ్ ఆటమ్ అనే బాంబు గొయ్యి. అక్కడ రేడియేషన్‌ను దైవంగా కొలిచే చిల్డ్రన్ ఆఫ్ ఆటమ్ నివసిస్తారు. దూరం నుంచి మనుషులు కనిపించగానే కాల్పులు మొదలుపెట్టేవారు దారి చెప్పేవారినే చేతులారా పోగొట్టుకుంటారు. ఆయుధం దించి వెళ్లి మదర్ ఇసోల్డ్‌తో మాట్లాడితే వర్జిల్ ఉండే చోటు తెలుస్తుంది. రాకీ కేవ్ అనే ఆ గుహ గొయ్యికి నైరుతి దిక్కున ఉంది.

సమస్య: సర్వైవల్ పద్ధతిలో గంట కష్టం ఒక్క దెబ్బతో పోతోంది

సర్వైవల్ అంటే ఆటలో అత్యంత కష్టమైన స్థాయి. ఈ పద్ధతిలో ఫాస్ట్ ట్రావెల్ లేదు, నిద్రపోతే తప్ప సేవ్ కాదు. గ్లోయింగ్ సీ అంచుకు దగ్గరగా ఉన్న సోమర్‌విల్ ప్లేస్‌ను ముందుగా మీ స్థావరంగా మార్చుకుని, అక్కడ మంచం, మంచినీరు ఏర్పాటు చేసుకుని, నిద్ర లేచిన వెంటనే బయలుదేరడం ఉత్తమం. ఇక్కడ రాడ్‌అవే రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది కనుక విచ్చలవిడిగా వాడితే జబ్బులు అంటుకుంటాయి. రాడ్స్ ఎక్కించుకోకుండా ఉండడమే ఇక్కడ అన్నిటికంటే ముఖ్యం. పచ్చి మాంసం, మురికినీరు మానేసి వండిన ఆహారం, శుద్ధమైన నీరు మాత్రమే తీసుకోండి. బ్రదర్‌హుడ్ ఆఫ్ స్టీల్ అనే సైనిక వర్గంలో చేరినవారు సిగ్నల్ గ్రెనేడుతో వెర్టీబర్డ్ అనే విమానాన్ని పిలిపించుకుని చాలా దూరం గాలిలోనే దాటవచ్చు. పవర్ ఆర్మర్‌లో ఉంటే ఎంత ఎత్తునుంచి దూకినా దెబ్బ తగలదు.

డెస్క్‌టాప్ మీద ఆడేవారికి ఒక మాట. ఆట నుంచి మీ అంతట మీరు బయటికి వస్తే సర్వైవల్‌లో కూడా తాత్కాలికంగా సేవ్ అవుతుంది, కరెంటు పోతే మాత్రం కాదు. బెంగళూరులో వానాకాలం సాయంత్రాల సంగతి తెలిసిందే కదా. ఎస్పీ రోడ్డు దుకాణాల్లో చిన్న యూపీఎస్ ఒకటి తెచ్చుకుంటే ఆట ఆపి బయటికి వచ్చేంత వ్యవధి దొరుకుతుంది.

సమస్య: ఈ ప్రాంతంలోకి రాగానే ఆట తడబడుతోంది

దట్టమైన పొగమంచు, తుఫాను వెలుగులు గ్రాఫిక్ కార్డుకు భారం. లాంచర్‌లో గాడ్ రేస్ (వెలుతురు కిరణాల చారలు) నాణ్యతను తగ్గించండి, నీడల దూరాన్ని కూడా కొంచెం దించండి. చాలా యంత్రాలకు ఈ రెండు మార్పులూ చాలు.

పని ముగించుకుని తిరిగి వచ్చాక మిగిలిన రాడ్స్ కోసం రాడ్‌అవేలు ఖర్చు చేయనవసరం లేదు. డైమండ్ సిటీలో డాక్టర్ సన్ కొద్దిపాటి క్యాప్స్ (ఆటలో డబ్బుగా చెల్లే సీసా మూతలు) తీసుకుని రేడియేషన్ మొత్తం తొలగిస్తాడు. 2016లో వచ్చిన వేస్ట్‌ల్యాండ్ వర్క్‌షాప్ అదనపు భాగం ఉన్నవారు స్థావరంలో డీకంటామినేషన్ ఆర్చ్ కట్టి, విద్యుత్తు ఇచ్చి, దాని కిందనుంచి నడిస్తే చాలు. బ్రదర్‌హుడ్ పక్షాన కథ నడిపేవారు అణుబాంబుల కోసం ఇదే ప్రాంతంలోని సెంటినెల్ సైట్‌కు మళ్లీ రావలసి ఉంటుంది కాబట్టి, మిగిలిన రాడ్-ఎక్స్, రాడ్‌అవేలను అమ్మేయకుండా స్థావరంలోని పెట్టెలో దాచుకోండి.