మేరీ థార్ప్ పద్ధతిలో సముద్రగర్భాన్ని గీయడం ఎలా?

సముద్రగర్భ పటాలు గీసిన అమెరికన్ భూవిజ్ఞాని మేరీ థార్ప్ (1920–2006) ఏం సాధించారో చదివితే తెలుస్తుంది గానీ, ఎలా సాధించారో అర్థం కావాలంటే గ్రాఫు కాగితం ముందు పెట్టుకొని ఆమె చేసిన పనిని మనమూ చేసి చూడాలి.

ముందుగా అట్లాంటిక్‌ను తూర్పు పడమరలుగా దాటిన ఒక ఓడ మార్గంలోని లోతుల అంకెలను సేకరించుకోండి. అడ్డంగా దూరాన్ని, నిలువుగా లోతును గుర్తించి చుక్కలను కలపండి. రెండింటికీ ఒకే కొలమానం వాడితే సముద్రపు అడుగు దాదాపు చదునుగా కనిపిస్తుంది కాబట్టి, నిలువు కొలతను 40 రెట్లు పెంచాలి.

ఒక్క గీతను నమ్మకండి. 1952లో అమెరికాలోని లామాంట్ భూవిజ్ఞాన పరిశోధనాలయంలో థార్ప్ ఉత్తర అట్లాంటిక్‌కు అడ్డంగా ఆరు గీతలు గీసి, ఒకదాని కింద ఒకటి పేర్చి చూశారు. శిఖరాలు ఒకదానితో ఒకటి పోలలేదు. అట్లాంటిక్ నడుమ నీటి అడుగున సాగే పర్వతశ్రేణి నడినెత్తిన ఉన్న లోతైన పగులు మాత్రం ప్రతి గీతలోనూ కనిపించింది. అందువల్ల మీరూ ఎత్తులకన్నా పల్లాలను ముందు పోల్చండి.

తర్వాత అదే కొలమానంలో భూకంప కేంద్రాలను పల్చని కాగితంపై గుర్తించి, పటం మీద పరచండి. ఆ పగులు దగ్గర సముద్రపు అడుగు రెండుగా విడిపోతోందన్న థార్ప్ మాటను సహచరుడు బ్రూస్ హీజెన్ మొదట ఆడపిల్లల కబుర్లని కొట్టిపారేసినా, అక్కడే పనిచేసే హోవర్డ్ ఫాస్టర్ పటంపై గుర్తించిన భూకంప కేంద్రాలు ఆ పగులు వెంబడే ఉండటంతో ఒప్పుకోక తప్పలేదు. పరిశోధక ఓడలు ఎక్కడానికి ఆడవారిని అనుమతించని ఆ రోజుల్లో, ఆమె బల్ల దగ్గర కూర్చొనే ఇంతటి సత్యాన్ని వెలికితీశారు.

కొలతలు లేని చోట మీ ఊహతో గీసిన భాగాన్ని చుక్కల గీతగానే ఉంచండి.