గాయమై రక్తం పోతున్న రోగికి రక్తం ఎక్కించే ముందు జాగ్రత్తలు

☐ రక్తం బ్యాగు సంగతి తర్వాత, ముందు గాయం చూడండి. కట్టు తడిసి రక్తం కారుతుంటే దాని మీదే గట్టిగా నొక్కి పట్టాలి. దుప్పటి ఎత్తి నడుము కింద కూడా చూడండి, పక్క తడిసేదాకా తెలియని రక్తస్రావం అక్కడే దొరుకుతుంది.

☐ బీపీ బాగుందని ధీమా వద్దు. పెద్దవాళ్లలో సుమారు 30 శాతం రక్తం పోయేదాకా అది పడిపోకపోవచ్చు. అంతకుముందే నాడి పరుగెడుతుంది, చేతులు చల్లబడతాయి, మనిషి కంగారుపడతాడు.

☐ రెండు లావు క్యాన్యులాలు (నరంలోకి పెట్టే గొట్టాలు) పెట్టాలి, సైజు 14 లేదా 16 గేజ్.

☐ క్రాస్‌మ్యాచ్ (దాత రక్తం రోగికి సరిపడుతుందో చూసే పరీక్ష) కోసం రోగి రక్తం తీసిన ట్యూబు మీద పేరు మంచం పక్కనే రాయాలి. తర్వాత రాద్దాంలే అని జేబులో వేసుకున్నామో, పొరపాటు అక్కడే మొదలవుతుంది.

☐ బ్యాగు వచ్చాక ఇద్దరు సరిచూడాలి: పేరు, హాస్పిటల్ నంబరు, గ్రూపు, బ్యాగు నంబరు, గడువు తేదీ. ఒకరు చదువుతుంటే ఇంకొకరు రోగి చేతి పట్టీ మీద చూడాలి. ఎంత టెన్షన్‌లో ఉన్నా ఇది మాత్రం వదలొద్దు. ఒకరి రక్తం ఇంకొకరికి ఎక్కితే ప్రాణం పోవచ్చు.

☐ రక్తం ఎక్కే లైన్‌లో (గొట్టంలో) నార్మల్ సెలైన్ తప్ప ఏదీ వద్దు. డెక్స్ట్రోజ్ (గ్లూకోజ్ సెలైన్) కలిస్తే ఎర్రకణాలు చిట్లుతాయి.

☐ బ్యాగును వేడినీళ్లలో ముంచొద్దు, రక్తాన్ని వెచ్చబరిచే వార్మర్ వాడాలి. రోగికి దుప్పటి కప్పండి. ఒళ్లు చల్లబడితే రక్తం త్వరగా గడ్డకట్టదు.

☐ ఉష్ణోగ్రత, నాడి, బీపీ, శ్వాస రాసుకున్నాకే గొట్టం క్లాంప్ తెరిచి రక్తం వదలాలి. మొదటి 15 నిమిషాలు మంచం దగ్గరే ఉండండి. చలి, నడుము నొప్పి, ఆయాసం అంటే వెంటనే ఆపి డాక్టర్‌ను పిలవాలి.