జిస్ట్ కణితికి ఇమాటినిబ్: కడుపు తిప్పకుండా, ఒళ్లు ఉబ్బకుండా

జిస్ట్ అంటే కడుపు, పేగుల గోడల్లో పుట్టే ఒక రకం క్యాన్సర్ కణితి. దానికి వాడే ఇమాటినిబ్ బిళ్ల మామూలు మోతాదు రోజుకు 400 మిల్లీగ్రాములు. పరగడుపున వేసుకుంటే వికారం రావొచ్చు, ఎందుకంటే ఈ మందు నేరుగా కడుపు లోపలి పొరనే రేపుతుంది. అందుకే కడుపునిండా తిన్నాక, పెద్ద గ్లాసు నీళ్లతో మింగాలి. తర్వాత కనీసం గంటసేపు నడుం వాల్చకూడదు. మింగలేనివాళ్లు 400 బిళ్లను 200 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి, కరగగానే తాగేయాలి. వాంతి అయితే సొంతంగా ఇంకో బిళ్ల వేసుకోవద్దు.

పొద్దున్నే కళ్ల చుట్టూ ఉబ్బడం చాలామందికి ఉంటుంది. చూడ్డానికి భయంగా ఉన్నా, దానికే మందు ఆపేయకండి. ఆపితే కణితి మళ్లీ పెరగొచ్చు. ఊరగాయలు, అప్పడాలు తగ్గించండి, తలగడ ఎత్తు పెంచండి. బరువు రెండు మూడు రోజుల్లోనే గబగబా పెరిగినా, ఆయాసం వచ్చినా ఒంట్లో నీరు చేరుతుండొచ్చు. వెంటనే డాక్టరుకు చెప్పాలి. అందుకే రోజూ ఒకే వేళకు బరువు రాసిపెట్టుకోండి.

రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తే రక్తంలో పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం చూపించుకోండి. గ్రేప్‌ఫ్రూట్ వద్దు, పంపరపనసా మానేయడం మేలు: రక్తంలో మందు స్థాయిని పెంచొచ్చు. మలం తారులా నల్లగా వస్తే తెల్లారేదాకా ఆగకండి, కణితి నుంచి రక్తం కారుతుండొచ్చు.