జామోవిలో సగటు రాకపోతే, నాకు పనిచేసింది ఇది (నా అనుభవం)

పలాసలో జీడిపిక్కల బస్తా ధరలు ఎక్సెల్‌లో ఎక్కించి జామోవిలో (గణాంకాలు లెక్కేసే సాఫ్ట్‌వేర్) తెరిస్తే, డిస్క్రిప్టివ్స్‌లో మీన్ (సగటు), మీడియన్ (వరుసలో పెడితే నడుమ ఉండే విలువ) గళ్ళు ఖాళీగా వస్తున్నాయి, చాలామంది అడుగుతున్నది కూడా ఇదే. సాఫ్ట్‌వేర్ మళ్ళీ ఇన్‌స్టాల్ చేశాను, ఫైల్ పేరు మార్చాను, వీడియోలు చూశాను, లాభం లేదు.

అసలు సంగతి ఏటంటే 14,000 లో కామా ఉంది కదా, దాంతో జామోవి ఆ కాలమ్ మొత్తాన్ని అక్షరాల కింద లెక్కేసింది. కాలమ్ పేరు పక్కన మూడు గుండ్రాల బొమ్మ ఉంటే నామినల్ (పేర్లు, రకాలు) అని, స్కేలు బొమ్మ ఉంటే కంటిన్యువస్ (లెక్కించే అంకెలు) అని. ముందు ఎక్సెల్‌లో ధరల కాలమ్ ఎంచుకుని ఫార్మాట్ జనరల్ పెట్టాను, తర్వాత కంట్రోల్ హెచ్ నొక్కి ఫైండ్‌లో కామా ఇచ్చి రీప్లేస్ ఖాళీగా వదిలేసి రీప్లేస్ ఆల్ కొట్టాను, సీఎస్‌వీగా సేవ్ చేసి మళ్ళీ తెరిచాను. స్కేలు బొమ్మ వచ్చేసింది! రాకపోతే కాలమ్ పేరు మీద డబుల్ క్లిక్ చేసి కంటిన్యువస్ ఎంచుకోండి.

తర్వాత ప్లాట్స్‌లో బాక్స్ ప్లాట్ (విలువలు ఎలా పరుచుకున్నాయో పెట్టె బొమ్మలో చూపించేది) టిక్ పెట్టి చూడండి, దయచేసి ఇది వదలొద్దు. 13,000, 13,500, 14,000, 14,500 పక్కన పొరపాటున సున్నా ఎక్కువై ఒక్క 1,40,000 పడితే మీన్ 39,000 అయిపోద్ది, మీడియన్ మాత్రం 14,000 దగ్గరే ఉంటాది. ఆ ఎక్కువ సున్నా పడిన ధర బాక్స్ ప్లాట్‌లో విడిగా చుక్కలా కనిపిస్తాది, మీన్, మీడియన్‌కి తేడా నాకు అక్కడే అర్థమైంది.

అందరికీ కారణం కామానే అని చెప్పలేను, గళ్ళలో "రూ" అనో "కేజీ" అనో ఉన్నా ఇలాగే అవుద్ది, అవి కూడా తీసేయాలి.